అమ్మాల్సిన రోజు

వాదించుకున్నది మావయ్య, మేనకోడలు. ఆయన ప్రభుత్వ రంగ బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరై తెనాలిలో ఉంటున్నారు. నెలనెలా పెన్షను వస్తుంది. ఆమెకు ముప్పై ఆరేళ్లు. భార్యాభర్తలిద్దరూ హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగులు, ఏడేళ్ల పాప. నలభై అయిదుకు ఉద్యోగం మానెయ్యాలని, అందుకోసం పెట్టుబడుల్లో 40 శాతం దాకా క్రిప్టోలోకి మార్చాలని ఆమె ఆలోచన. ఇలాంటి వాదన ఇప్పుడు చాలా ఇళ్లలో జరుగుతోంది. పెద్దవాళ్లు జూదం అంటారు, పిల్లలు మీకు తెలీదు అంటారు, మాట అక్కడితో తెగిపోతుంది. వీళ్లిద్దరికీ లెక్కలు తెలుసు కాబట్టి తెగలేదు. నాకు మావయ్య వాదనే ఎక్కువ సబబుగా తోచింది. అయితే ఆమె గట్టిగా నిలదీసిన రెండు చోట్ల ఆయన దగ్గర సరైన జవాబు లేదు. ఆ రెండు చోట్లూ ముఖ్యమైనవే.

మావయ్య: నలభై అయిదుకే మానేసి ఏం చేస్తావు అమ్మాయ్? ఇంకా సగం జీవితం ఉంటుంది.

మేనకోడలు: నేను మానకపోతే వాళ్లే మానిపిస్తారు మావయ్యా. 2025 జులైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. అందులో ఎక్కువమంది మధ్య స్థాయి, పై స్థాయి వాళ్లేనంది. ఆ స్థాయుల్లో ఉండేది నా ఈడువాళ్లు, నాకంటే పెద్దవాళ్లు. మీరు చేరిన రోజే మీ చివరి రోజు ఎప్పుడో మీకు తెలుసు. నాకు వచ్చే ఏడాది సంగతే తెలీదు. పనంటే నాకు విసుగు లేదు. రాత్రి పదింటికి పాపను పడుకోబెట్టకుండా అమెరికా కాల్ ఎత్తాల్సి రావడం మీద విసుగు.

మావయ్య: సరే, ఆ కష్టం కాదనను. ఎంత కావాలనుకుంటున్నావు?

మేనకోడలు: నెలకు లక్ష ఖర్చవుతోంది, ఏడాదికి 12 లక్షలు. దానికి ఇరవై అయిదు రెట్లు, మూడు కోట్లు. అందులోంచి మొదటి ఏడు నాలుగు శాతం, ఆపైన ఏటా ధరలు పెరిగినంత పెంచి తీసుకుంటే డబ్బు అయిపోదని అమెరికాలో విలియం బెంగెన్ అనే సలహాదారు 1994లో లెక్కగట్టి చూపించాడు. తొందరగా రిటైరయ్యేవాళ్లందరూ ఆ లెక్కే చెబుతారు.

మావయ్య: నేనూ చదివాను. ఆయన చూసింది అమెరికా షేర్లు, అమెరికా ప్రభుత్వ బాండ్లు. చూసింది ముప్పై ఏళ్లకు. నువ్వు నలభై అయిదుకు మానేస్తే ఎనభై అయిదు దాకా నలభై ఏళ్లు నడపాలి. పైగా ఆ 12 లక్షలు ఇవాళ్టివి. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే తొమ్మిదేళ్లకు అదే సంసారానికి 20 లక్షలు దాటుతుంది. ఇరవై అయిదు రెట్లంటే అయిదు కోట్లు. జాగ్రత్తగా మూడు శాతమే తీస్తానంటే దాదాపు ఆరు కోట్ల డెబ్భై లక్షలు.

మేనకోడలు: అందుకే కదా క్రిప్టో అంటున్నాను! ఆరు కోట్ల డెబ్భై లక్షలు ఎఫ్‌డీలతో ఎప్పటికి పోగవుతాయి? మీ పెన్షనుకు డీఏ కలుస్తుంది. మాకు ఈపీఎస్ పెన్షను ఉంది చూడండి, 15 వేల జీతం మీదే దాని లెక్క. ముప్పై అయిదేళ్లు చేసినా నెలకు ఏడెనిమిది వేలే, అదీ యాభై ఎనిమిది నిండాక. మీకు 8.2 శాతం ఇచ్చే సీనియర్ సిటిజన్ పథకం నలభై అయిదేళ్లకు నాకెవరిస్తారు? మీరు ఉద్యోగంలో ఉండగా పీపీఎఫ్ 12 శాతం ఇచ్చింది, 2000 జనవరి దాకా. నాకు 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం. మీరు భద్రంగా ఉన్నారంటే ఎఫ్‌డీ వల్ల కాదు మావయ్యా, పెన్షను వల్ల. ఆ పెన్షను మీద కూర్చుని నాకు ఎఫ్‌డీ చెబుతున్నారు.

మావయ్య: ఆ మాట నిజం. 12 శాతం ఇచ్చిన రోజుల్లో ధరలూ అలాగే మండిపోయేవి అని చెప్పచ్చు. కానీ పెన్షను సంగతి మాత్రం నువ్వన్నట్టే.

ఇది ఆమె గెలిచిన మొదటి చోటు. మన ఇళ్లలో పెద్దవాళ్ల సలహాల వెనక కనిపించకుండా ఒక పెన్షను ఉంటుంది. అది లేనివాళ్లకు అదే సలహా చెబితే సగం తప్పిపోతుంది. నా ఎరికలో ఈ సంగతి ఒప్పుకున్న పెద్దలు తక్కువ. మావయ్య ఒప్పుకోవడం వల్లే తర్వాతి మాటలు సాధ్యమయ్యాయి.

మేనకోడలు: ఇక భద్రం అన్నవాటి చరిత్ర చూడండి. 2001లో హైదరాబాదులో కృషి బ్యాంకు మునిగింది. అదే ఏడాది జులైలో యూటీఐ తన యూఎస్-64 పథకం యూనిట్లు అమ్ముకోనివ్వకుండా ఆపేసింది. ప్రభుత్వానిదే కదా అని పింఛను డబ్బులు పెట్టినవాళ్లు ఎంతమంది! 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ మోసం బయటపడింది. ఆ తర్వాత అగ్రిగోల్డు, లక్షల కుటుంబాలు. నూటికి రెండు రూపాయల వడ్డీకని చేబదులిచ్చి అసలు పోగొట్టుకున్నవాళ్లు మన వీధిలోనే ఉన్నారు. క్రిప్టో ఒక్కటే ప్రమాదం అన్నట్టు మాట్లాడతారేం?

మావయ్య: నువ్వు చెప్పినవాటిలో చాలావరకు మోసాలు. మోసాన్ని పట్టడానికి ఎంతో కొంత దారి ఉంది. బ్యాంకు మునిగితే 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది, 2020కి ముందు అది లక్షే. సత్యం పోయినా, ఇండెక్సు ఫండులో ఉన్నవాడికి పోయింది ఒక ముక్కే. నేను క్రిప్టోను మోసం అనడం లేదు. ఎవరూ మోసం చెయ్యకుండానే నీ డబ్బు పావు వంతుకు దిగచ్చు. దానికి ఎవర్ని అడుగుతావు?

మేనకోడలు: నేను పెట్టేది ఎవరో వాట్సాప్‌లో పంపిన కాయిన్లలో కాదు. 2022 మేలో లూనా వారం రోజుల్లో సున్నాకు దగ్గరైంది, అది చూశాక చిల్లర కాయిన్ల జోలికి పోలేదు. నాది ఎక్కువగా బిట్‌కాయిన్. ఎన్నటికీ రెండు కోట్ల పది లక్షలకు మించి పుట్టవు. కొత్తగా పుట్టేవి నాలుగేళ్లకోసారి సగమవుతాయి, ఈమధ్య 2024 ఏప్రిల్‌లో అయ్యాయి. ఏ ప్రభుత్వమూ ఇంకాస్త అచ్చు వెయ్యలేదు. 2021 నవంబరులో 69 వేల డాలర్లు, ఏడాదికల్లా 16 వేలకు దిగింది, నిజమే. 2024 డిసెంబరులో లక్ష దాటింది, 2025 అక్టోబరులో లక్షా పాతిక వేలు చూసింది. అంతకుముందు పడిన ప్రతిసారీ పాత గరిష్ఠం దాటి లేచింది.

మావయ్య: ఇప్పటిదాకా లేచింది. 2009 జనవరిలో పుట్టినదానికి అంతకంటే ఎక్కువ చరిత్ర లేదు. పోనీ, ఇకముందూ లేస్తుందనే అనుకుందాం. నా ప్రశ్న అది కాదు. నువ్వు ఏ రోజున అమ్మాల్సి వస్తుంది?

మేనకోడలు: ధర బావున్నప్పుడు.

మావయ్య: జీతం ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు ఉంటుంది. జీతం మానేసినవాళ్లకు ప్రతి నెలా ఒకటో తారీకే అమ్మే రోజు. కాగితం తీసుకో. నలభై అయిదుకు నీ దగ్గర అయిదు కోట్లున్నాయి, అందులో నువ్వన్న 40 శాతం, రెండు కోట్లు, బిట్‌కాయిన్. మానేసిన ఏడాదే 2022లా పడి 75 శాతం పోయింది. యాభై లక్షలు మిగిలాయి. ఖర్చుకు దానిలోంచే 20 లక్షలు తీశావు. రెండో ఏడూ లేవలేదు, ఇంకో 20. పది లక్షలు మిగిలాయి. మూడో ఏడు నువ్వన్నట్టే నాలుగు రెట్లు లేచి పాత ధరకొచ్చింది. నీ చేతిలో ఎంత?

మేనకోడలు: నలభై లక్షలు.

మావయ్య: ముట్టుకోనివాడి చేతిలో రెండు కోట్లు. ధర ఇద్దరికీ ఒకటే, నమ్మకమూ ఒకటే. నువ్వు విత్తనాల వడ్లు వండుకు తిన్నావు, వాడు తినలేదు. తొందరగా రిటైరయ్యేవాళ్లు మునిగేది ఇక్కడ. సగటున ఎంత పెరిగిందన్నది వాళ్లను కాపాడదు. మొదటి అయిదారేళ్లు ఏ వరసలో వచ్చాయన్నదే తేలుస్తుంది. ఆ బెంగెన్ లెక్కలోనూ అందరికంటే ఇబ్బంది పడేది 1960ల చివర్లో రిటైరైనవాళ్లే. వాళ్లకు మొదట్లోనే మార్కెటు పడింది, ధరలు పెరిగాయి.

మేనకోడలు: షేర్లూ అలాగే పడతాయి. 2008లో సెన్సెక్సు 21 వేల నుంచి ఎనిమిది వేల దాపుకు రాలేదా?

మావయ్య: వచ్చింది. అందుకే షేర్లకూ ఇదే నియమం. మొదటి అయిదేళ్ల ఖర్చు షేర్లలో ఉండకూడదు, బంగారంలో ఉండకూడదు, క్రిప్టోలో అసలే ఉండకూడదు. బంగారమే చూడు. 1980లో ఔన్సు 850 డాలర్లకు వెళ్లింది. మళ్లీ ఆ ధర చూడ్డానికి 2008 దాకా పట్టింది. ఇరవై ఎనిమిదేళ్లు.

మేనకోడలు: డాలర్లలో మావయ్యా! రూపాయల్లో అన్నేళ్లు పట్టలేదు. మధ్యలో రూపాయే పడిపోయింది కాబట్టి మన అమ్మమ్మ గొలుసు విలువ పెరుగుతూనే ఉంది. బిట్‌కాయిన్‌కూ ఆ లాభం ఉంది, దాని ధర డాలర్లలోనే నడుస్తుంది. పైగా మన షేర్లు పడ్డప్పుడు అదీ పడాలని లేదు.

మావయ్య: పడాలని లేదు, కానీ పడింది. 2020 మార్చి 12న కరోనా భయానికి బిట్‌కాయిన్ ఒక్క రోజులో మూడో వంతు పైనే పోయింది. మర్నాడు మన నిఫ్టీ లోయర్ సర్క్యూట్‌కు తగిలి ట్రేడింగు ఆగింది. డబ్బు అత్యవసరమైన రోజున అందరూ అన్నీ కలిపి అమ్ముతారు. నీకు వేరుగా నడిచేది కావాల్సింది సరిగ్గా ఆ రోజునే.

మేనకోడలు దీనికి బదులు చెప్పలేదు. మాట ఎక్స్ఛేంజీల మీదికి మళ్లింది. 2024 జులై 18న వజీరెక్స్ నుంచి 23 కోట్ల డాలర్ల పైచిలుకు దొంగలెత్తుకుపోయారు. ఖాతాలున్నవాళ్లు తమ కాయిన్లు వెనక్కి తీసుకోలేకపోయారు. వ్యవహారం సింగపూర్ కోర్టుకెక్కి, 2025 అక్టోబరులో గాని మళ్లీ తెరుచుకోలేదు. ఆ పదిహేను నెలల్లో అదే డబ్బు మీద బతకాల్సినవాళ్లు ఏమైవుంటారన్నది మావయ్య ప్రశ్న.

మేనకోడలు: అందుకే నావి ఎక్స్ఛేంజీలో ఉంచను, హార్డ్‌వేర్ వాలెట్‌లో ఉన్నాయి. తాళం నా చేతిలోనే, ఇరవై నాలుగు మాటలు.

మావయ్య: ఆ ఇరవై నాలుగు మాటలు మీ ఆయనకు తెలుసా?

మేనకోడలు: ఎక్కడ దాచానో తెలుసు. ఎలా వాడాలో తెలీదు.

మావయ్య: నా సర్వీసంతా మొగుడు పోయాక పాస్‌బుక్కు పట్టుకుని కౌంటరు దగ్గరికొచ్చిన ఆడవాళ్లను చూశాను. నామినీ పేరు లేకపోతే తిప్పేవాళ్లం, తిప్పినా చివరికి ఇచ్చేవాళ్లం. పదేళ్లు ఎవరూ అడక్కపోతే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది. అప్పుడైనా వారసులొచ్చి అడిగితే ఇవ్వాల్సిందే. నీ వాలెట్‌కు ఏ కౌంటరూ లేదు. నీకేదన్నా అయితే పాప ఎవర్ని అడగాలి? రేపు ఆదివారం మీ ఆయన్ను కూర్చోబెట్టి, చిన్న మొత్తం ఒకటి అతని చేతే పంపించి, వెనక్కి రప్పించు. మిగతా వాదన తర్వాత.

ఈ ఒక్క మాట కోసమైనా ఈ సంవాదం రాయాలనిపించింది. మన ఇళ్లలో క్రిప్టో ఉన్న చాలామంది ఆ సంగతి ఇంట్లో చెప్పరు. పెరిగితే చెబుదామని ఆగుతారు, పడితే చెప్పడానికి మొహం చెల్లదు. ఎవరి భవిష్యత్తు కోసం దాచారో వాళ్లకే దాని జాడ తెలియకపోవడం కంటే పెద్ద నష్టం ఏ మార్కెటూ చెయ్యలేదు.

మేనకోడలు: అది చేస్తాను. ఇక పన్ను అంటారు, 30 శాతం. తెలుసు.

మావయ్య: సెస్సుతో 31.2. తెలుసనుకుంటావుగాని, ఉద్యోగం మానేశాక అది ఎలా కొరుకుతుందో లెక్క వేశావా? 2022 బడ్జెట్టు తెచ్చిన నియమంలో గట్టిది రేటు కాదు, నష్టాన్ని లాభంలోంచి తీసెయ్యనివ్వకపోవడం. ఒక కాయిన్‌లో అయిదు లక్షలు లాభం, ఇంకోదాంట్లో నాలుగు లక్షలు నష్టం. నీకు నిజంగా మిగిలింది లక్ష. పన్ను మాత్రం అయిదు లక్షల మీద, 1,56,000. మిగిలిన లక్షా పోగా ఎదురు 56 వేలు కట్టావు. ఆ నష్టాన్ని వచ్చే ఏడాదికీ మోయనివ్వరు. అమ్మిన ప్రతిసారీ మొత్తం మీద ఒక శాతం టీడీఎస్ సరేసరి.

మేనకోడలు: అది నష్టం వచ్చినప్పుడు.

మావయ్య: లాభమే వచ్చిందనుకో. నువ్వు అమ్మేదాంట్లో ముప్పావు వంతు లాభమైతే, చేతికి 20 లక్షలు రావడానికి 26 లక్షలవి అమ్మాలి. అదే మ్యూచువల్ ఫండు చూడు. ఏడాది దాటిన ఈక్విటీ లాభంలో ఏటా లక్షా పాతిక వేలకు పన్ను లేదు. ఆ పైన పన్నెండున్నర శాతం. జీతం లేని ఏడాది ఇంకో సంగతి కలుస్తుంది. కొత్త పద్ధతిలో నాలుగు లక్షల మినహాయింపు ఖాళీగా ఉంటుంది కదా, ఈ లాభానికి దాన్నీ వాడుకోవచ్చు. అంటే వేరే ఆదాయం లేకపోతే ఒక్కొక్కరికి అయిదుంబావు లక్షలు, ఇద్దరికీ కలిపి పదిన్నర లక్షల లాభం దాకా పన్ను పడదు. ఫండ్లు ఇద్దరి పేరునా ఉంటే 20 లక్షలు తీసినా, అందులో సగం లాభమైతే కట్టేది సున్నా. క్రిప్టోలో మొదటి రూపాయి నుంచే 31.2. పెరగడంలో అది ఫండును దాటచ్చు. తీసుకు తినడంలో మాత్రం వెనకబడే బయల్దేరుతుంది.

మేనకోడలు: ఆ తేడా నేనింతగా చూడలేదు... అయినా చట్టాలు మారతాయి. 2018లో రిజర్వు బ్యాంకు బ్యాంకులను క్రిప్టో వాళ్లతో వ్యవహరించొద్దంది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. అమెరికాలో 2024 జనవరి నుంచి బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లు మామూలు షేరులా కొంటున్నారు. ఇక్కడా పన్ను తగ్గచ్చు.

మావయ్య: తగ్గచ్చు, బిగియనూవచ్చు. తగ్గితే అప్పుడు సంతోషిద్దాం. ఇవాళ ఉన్న చట్టం మీదే సంసారం లెక్క వెయ్యాలి.

మేనకోడలు: సరే. అమ్మాల్సిన రోజు గురించి ఇంత చెప్పారు కదా, అదే కొలతతో మీ ప్లాట్లు కొలుద్దామా? మీ సొమ్ములో సగానికి పైగా అమరావతిలో తుళ్లూరు చుట్టుపక్కల గజాల్లో ఉంది. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నాక ఎన్నేళ్లు కొనేవాళ్లు లేరు? చిన్నమ్మాయి పెళ్లికి అమ్ముదామంటే సగం ధరకూ అడిగినవాళ్లు లేక బంగారం మీద అప్పు తెచ్చారు. నాకూ శంకర్‌పల్లి వైపు మీరే కొనిపించిన ప్లాటుంది, 60 లక్షలంటారు. అనేవాళ్లున్నారుగాని కొనేవాళ్లు లేరు. బిట్‌కాయిన్ సగానికి పడ్డా ఆ సగమైనా అర్ధరాత్రి చేతికొస్తుంది. ప్లాటుకు ధర పడినట్టు కూడా కనపడదు, ఎందుకంటే దాని ధర రోజూ ఎవరూ చెప్పరు. అందుకని అది భద్రమా?

మావయ్య: ...కాదు. నేను చెప్పిన లెక్కకు అదీ నిలవదు.

మేనకోడలు: మరి క్రిప్టో తగ్గించమని నాకు చెప్పేముందు ప్లాట్లను రిటైర్మెంటు లెక్కలోంచి ఇద్దరం తీసేద్దాం.

ఇది రెండో చోటు. ఆమె ఆయన సూత్రాన్ని ఆయనకంటే నిజాయితీగా వాడింది. తెలుగువాళ్లం భూమి దగ్గరికొచ్చేసరికి ఏ లెక్కకూ లొంగం. అమ్ముడుపోని గజాలను ఆస్తి అని రాసుకుని, వాటిని చూసుకుని ఉద్యోగాలు మానేస్తున్నవాళ్లు క్రిప్టోను చూసుకుని మానేస్తున్నవాళ్లకంటే తక్కువేమీ కాదేమో.

మావయ్య: అయితే మిగిలినవి చెప్పు.

మేనకోడలు: ఫండ్లు, పీఎఫ్, పీపీఎఫ్ అన్నీ కలిపి 90 లక్షలు. క్రిప్టో 25.

మావయ్య: ప్లాటు తీసేస్తే ఇప్పటికే అయిదో వంతు దాటింది. 40 మాట మర్చిపో. అయిదు శాతానికి దించు.

మేనకోడలు: దించాలంటే అమ్మాలి, అమ్మితే 31.2 మీరే అన్నారు. అమ్మను. కొత్తగా ఒక్క రూపాయి వెయ్యను. మిగిలే జీతమంతా ఫండ్లకు, పీపీఎఫ్‌కు. మిగతావి రెండుంబావు కోట్లకు చేరితే ఈ 25 లక్షలు పదో వంతుకు తనంతట తనే దిగుతుంది. మధ్యలో క్రిప్టోయే పెరిగి పాతిక శాతం దాటితే అప్పుడు పన్ను కట్టి అమ్ముతాను. అంతకంటే తగ్గించను మావయ్యా. నాకు పెన్షను లేదు. ఏదో ఒక చోట పెద్దగా పెరిగే వీలుండాలి.

మావయ్య: పది శాతానికి నేను పూర్తిగా ఒప్పుకోను. కానీ అది మొత్తం పోయినా పాప పస్తుండదు కాబట్టి వాదించను. నీ పెళ్లప్పుడు ఇద్దరి పేరునా పీపీఎఫ్ తెరిపించాను గుర్తుందా? ఏటా నిండా లక్షన్నర వేస్తే పదిహేనేళ్లకు ఇప్పటి వడ్డీ లెక్కన ఒక్కోదాంట్లో 40 లక్షలు దాటుతుంది. నీకు నలభై నాలుగు వచ్చేసరికి అందుతుంది, దాని మీద పన్నూ లేదు. రెండూ కలిపి నువ్వు మానేశాక మొదటి నాలుగేళ్ల ఖర్చు. ఆ నాలుగేళ్లూ మార్కెటు ఏమైనా నువ్వు ఏదీ అమ్మక్కర్లేదు.

మేనకోడలు: మరి అప్పటికి పాపకు పదహారు. ఇంటరు, తర్వాత నాలుగేళ్లు ఇంజినీరింగో ఇంకోటో. ఆ ఖర్చు మొదలయ్యేది సరిగ్గా మీరన్న ఆ నాలుగేళ్లలోనే. పీపీఎఫ్ తిండికైతే చదువుకు ఏది?

మావయ్య: నేనడగాల్సింది నువ్వే అడిగావు. ఇంకోటి కూడా ఉంది. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా మానేసిన రోజే పోతుంది. నలభై అయిదు దాటాక షుగరో బీపీయో పెట్టుకుని కొత్త పాలసీకి వెళ్తే వాళ్లడిగినంత కట్టాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే, అంటే ఈ ఏడాదే, సొంతంగా ఒకటి తీసుకోండి. నలభై ఎనిమిది చెయ్యి అమ్మాయ్. మూడేళ్లు తీసే డబ్బు మిగులుతుంది, మూడేళ్లు వేసే డబ్బు కలుస్తుంది.

మేనకోడలు: ఇద్దరం నలభై ఎనిమిది దాకా చెయ్యక్కర్లేదు. ఒకళ్లం చేస్తే చాలు. ఒక జీతం ఇంటి ఖర్చుకు వస్తే పీపీఎఫ్ పాప చదువుకు మిగులుతుంది, కంపెనీ బీమా ఇంకొన్నేళ్లు నడుస్తుంది. ఈ ఆదివారం వాలెట్ నేర్పించేటప్పుడు ఆయన్ను అడుగుతాను. ఒప్పుకుంటే నేను నలభై అయిదుకు, ఆయన నలభై ఎనిమిదికి. ఒప్పుకోకపోతే ఇద్దరం నలభై ఏడుకు.